మీ ఇష్టం అంటే కుదరదు

మా ఆయన జీవానందంగారికి దేవుడంటే భయం, పైఅధికారులంటే గౌరవం, నేనంటే రెండూ కొంచెం కొంచెం ఉండేవి. కాని పనివాడు "మీ ఇష్టం" అంటే మాత్రం ఒళ్ళు మండిపోయేది. కూలి ఎంతో ముందు తేలకుండా మా ఇంట్లో మేకు దిగడానికి వీల్లేదు. చీల ఊడడానికీ వీల్లేదు. ఇంటికప్పు కూలిపోతున్నా సరే, ఆపడానికి వచ్చినవాడితో మాట తేలేదాకా కప్పు ఆగాల్సిందే.

ఆయన పోయి ఈ జనవరికి ఏడాది. మొన్న వంటింటి బల్బు మార్చడానికి వచ్చినతను రెండు నిమిషాల్లో పని ముగించి వెళ్ళిపోయాడు. ఏదో దొంగతనం జరిగినట్టు అనిపించింది. మా ఇంట్లో బల్బు మారాలంటే ఒక పూట పట్టేది.

ఆయన పనిచేసింది రైల్వే సిగ్నల్ కేబిన్‌లో. లైను క్లియరు రాందే బండి కదలకూడదన్న సూత్రం ముప్ఫై నాలుగేళ్ళు ఒంటబట్టింది. రిటైరై క్వార్టర్లు వదిలాక, అక్కడే హౌరా స్టేషను దగ్గర టికియాపారాలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాం. పాత ఇల్లు. వారానికో చీల ఊడేది. ఆయనకు పదవీ విరమణ చేసినట్టే అనిపించలేదు.

పనివాడు రాగానే వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా పడేవి. మధ్య తలుపు మూసుకునేది. అంతే, ఇక నాకు ప్రవేశం లేదు. టీ కిటికీలోంచి అందించాలి. ఒకసారి గ్లాసు పట్టుకుని ఒక్క క్షణం ఎక్కువసేపు నిలబడ్డాను.

"ఏటి, ఇంకా ఉన్నావా?" అన్నారు.

"చక్కెర సరిపోయిందా అని."

"సరిపోయింది. నువ్వెళ్ళు. నువ్వుంటే ఇతగాడు మొహమాటపడతాడు."

మొహమాటమట! ప్లంబరు మృత్యుంజయ ఆ కుర్చీలో కూర్చున్న తీరు చూస్తే, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం అర్థంకాని పిల్లాడు గుర్తొచ్చాడు. నేను బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఆ మొహాలు నాకు తెలుసు.

వంటింటి కుళాయి రబ్బరు అరిగిపోయినప్పుడు చర్చలు మూడు రోజులు నడిచాయి. మొదటిరోజు మృత్యుంజయ "మీ ఇష్టం దాదా" అన్నాడు. ఆ రెండు మాటలకు ఆ రోజంతా పోయింది. రెండోరోజు ఏవో లెక్కలు. మూడోరోజు, పని మధ్యలో వాన వస్తే ఏమిటన్నది.

"కుళాయి వంటింట్లో ఉంది కదండీ, వానేమిటి?" అని కిటికీలోంచి అరిచాను.

"అతగాడు వచ్చీది వీధిలోంచి కదే!" అని జవాబు.

ఈలోగా నేను బక్కెట్టు మీద బక్కెట్టు మార్చుకుంటూ, నాలుగు బక్కెట్ల నీళ్ళతో వీధివాళ్ళందరి మొక్కలూ తడిపాను. మూడోరోజు సాయంత్రం మృత్యుంజయ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. పని పది నిమిషాలు. డబ్బు కూడా వరండాలోనే, ఆయన చొక్కా జేబులోంచే వెళ్ళేది. ఎంతకు తెగిందో ఏనాడూ నాకు చెప్పలేదు.

వీధిలో అందరూ మా ఇంటిని 'కంజూస్ జీబన్‌దా ఇల్లు', అంటే పిసినారి జీవానందం ఇల్లు, అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఈ మనిషి పేదవాళ్ళని కూర్చోబెట్టి పిండుతున్నాడు, ఆ పాపం నా పిల్లకి తగుల్తుందని భయం. అందుకని పెరటి తలుపు దగ్గర కాపు కాసేదాన్ని. పని ముగించి వెళ్ళే ప్రతివాడి చేతిలో ఒక యాభై కుక్కి, "అయ్యగారికి చెప్పకు" అనేదాన్ని. మృత్యుంజయ తల దించుకుని తీసుకునేవాడు. పాపం, ఎంత సిగ్గుపడుతున్నాడో అని నా కళ్ళు చెమర్చేవి.

ఆయనకు ఈ లోకంలో పూర్తిగా నచ్చింది ఒక్కటే, ఫోనులో పిలిస్తే వచ్చే కారు. ఎక్కకముందే కిరాయి ఎంతో చెబుతుంది కనక. "ఇదిగో, ఇదీ మర్యాద!" అని ఫోన్‌కి నమస్కారం పెట్టేవారు.

ఇక మా అమ్మాయి హెప్సీ పెళ్ళిరోజుకి వస్తాను.

చర్చిలో పదింటికి పెళ్ళి. పదకొండింటికి అదే చర్చిలో మరో పెళ్ళి ఉంది. "పావుగంట ఆలస్యమైతే మీది సాయంత్రానికి పోతుందమ్మా, నా చేతిలో లేదు" అని పాస్టరుగారు ముందే హెచ్చరించారు. పెళ్ళికొడుకువాళ్ళకి మూడింటికి హౌరాలో రైలు. సాయంత్రం అన్నమాటే లేదు.

ఎనిమిదిన్నరకి మా ఆయన వరండాలో గడ్డం గీసుకుంటున్నారు. వెలుతురు బాగుంటుందని అద్దం అక్కడే తగిలించుకునేవారు. కుడి చెంప అయింది. ఎడమ చెంపకి సబ్బు రాసుకుని, మగ్గులో నీళ్ళు పట్టుకోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళి అలవాటుగా గడియ పెట్టారు. ఆ గడియ మరి రాలేదు.

"లోయిస్! ఇదేటో బిగిసిపోయిందే."

మా తమ్ముడు ఫెలిక్స్ పరుగెత్తుకొచ్చాడు. "బావా, పక్కకి జరుగు. భుజంతో ఒక్కటిస్తాను."

"తలుపు జోలికి రాకు! నువ్వేటి వడ్రంగివా? పనివాణ్ణి పిలు."

పెళ్ళికని భార్యతో సహా వచ్చిన మృత్యుంజయ రెంచి కోసం ఇంటికి పరుగెత్తబోయాడు. లోపల్నుంచే ఆయన వాసన పట్టేశారు. "మృత్యుంజయా, నువ్వు పెళ్ళికొచ్చావు, పనికి రాలేదు. కూర్చో!"

ఫెలిక్స్ సైకిలేసుకుని వెళ్ళి గవరయ్యని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. గవరయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలి వడ్రంగి. చేతి పని బంగారం, నోరు మాత్రం లేదు. సంచీలోంచి ఉలి తీశాడు. తొమ్మిది అయింది.

"ఎవరది?" లోపల్నుంచి.

"నానే బాబూ, గవరయ్యని."

"ఉలి కింద పెట్టు. ఎంత?"

"ఏవండీ!" అన్నాను. "పెళ్ళండీ ఇవాళ!"

"తెలుసు. నాను పెళ్ళికూతురి తండ్రిని. గవరయ్యా, ఎంత?"

"మీ ఇష్టం బాబూ."

లోపల మగ్గు నేలకేసి కొట్టిన చప్పుడు. "నా ఇష్టమైతే నాను ఈడే ఉండిపోతాను. సెప్పు!"

హెప్సీ పెళ్ళిబట్టల్లో వచ్చి నిలబడింది. దాని వెనక చుట్టాలు, వాళ్ళ వెనక పక్కింటివాళ్ళు. "నాన్న రాకుండా నేను కదల్ను" అంది. సిగ్గుతో నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. గవరయ్య చెవిలో, "ఎంతంటే అంతకి ఒప్పుకో నాయనా, మిగతాది పెరట్లో నేనిస్తాను" అన్నాను.

"వంద ఇప్పించండి బాబూ" అన్నాడు గవరయ్య.

"వందా!" ఆ గర్జనకి కుళాయి కూడా ఒక చుక్క వదిలింది. "ఎక్కణ్ణుంచి వచ్చావు?"

"దాస్‌నగర్ నుంచి."

"తిరిగి ఎల్డానికి బండి డబ్బులు యేశావా?"

"లేదు బాబూ."

"ఎయ్యి. సేతిలో పని ఒదిలీసి వచ్చావా లేదా?"

"ఇంకోళ్ళింటి కిటికీ బాబూ. సగంలో ఒగ్గీసి..."

"అది యేశావా? ఉలి సాన పట్టించడానికి ఎవడిస్తాడు, మీ తాతా? అదీ ఎయ్యి. ఇంకోటి. తలుపెనక మనిషున్నాడు. నా తల పగలకుండా తియ్యాల. ఆ జాగ్రత్తకి ఎంత?"

"దానికేటి బాబూ, ఊరికే..."

"ఊరికే తీస్తే ఊరికే పగుల్తాది! ఎంతయింది?"

గవరయ్య వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి అన్నాడు. "రెండొందలు."

"మూడొందల ఏబై. ఒక్క రూపాయి తగ్గించావంటే నాను బయటికి రాను!"

"అంతొద్దు బాబూ, పాపం తగుల్తాది!"

"తగల్నీ. ఒప్పుకుంటావా, పెళ్ళి ఆపించీమంటావా?"

పొయ్యిమీద పాలు పొంగుతున్నా ఎవరూ కదల్లేదు. తన్ను తానే బందీగా పెట్టుకుని కూలి పెంచమని బెదిరించే మనిషిని టికియాపారాలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"బావా," అన్నాడు ఫెలిక్స్ నెమ్మదిగా, "మూడొందల ఏబై అంటే నేనే తీసీవాణ్ణి కదా."

లోపల్నుంచి చాలా చిన్న గొంతు. "లోయిస్... నువ్వింకా ఉన్నావేటి అక్కడ?"

"నేనున్నాను, ఫెలిక్స్ ఉన్నాడు, పెళ్ళికూతురుంది, సగం వీధి ఉంది."

"ఎప్పట్నుంచి?"

"వంద దగ్గర్నుంచి."

మృత్యుంజయ గొంతు సవరించుకున్నాడు. "ఎప్పుడూ ఇంతే బౌదీ" అన్నాడు బెంగాలీలో, నన్ను వదినా అని పిలుస్తూ. "నేను ఎనభై అంటే దాదా రెండొందలకు తెచ్చేవాడు. వద్దంటే మూడు రోజులు కూర్చోబెట్టేవాడు. బయట చెప్పకూడదన్నది ఆఖరి షరతు."

"మరి పెరట్లో నేనిచ్చే యాభై ఎందుకు తీసుకున్నావు?"

"మీరూ చెప్పకూడదన్నారు కదా, బౌదీ. ఇద్దరి మాటా నిలబెట్టాను."

"పెరట్లోనా?" తలుపు లోపల్నుంచి అదిరింది. "ఏటి ఇచ్చీదానివే నువ్వు?"

"యాభై. ప్రతివాడికీ. మీ పిసినారితనానికి సిగ్గుపడి!"

"ప్రతివాడికీనా? ఈ ఇంటికొచ్చిన పన్నెండేళ్ళూనా?"

మృత్యుంజయ భార్య అతని వైపు అదోలా చూసింది. ఆమెకి ఈ రెండు లెక్కల్లో ఒకటి కొత్తని ఆ చూపులోనే తెలిసింది. అతను పొంగిన పాలు తుడవడానికని వంటింట్లోకి జారుకున్నాడు.

"నాకు ముందే చెప్తే ఏం పోయిందండీ?" అన్నాను తలుపుతో.

"సెప్తే ఇల్లు గడవదని పోట్లాడవా నువ్వు?" అంది తలుపు. కాస్త ఆగి, "మీ ఇష్టం అన్నవాడికి ఎవడూ ఇష్టంగా ఇవ్వడే లోయిస్. అందుకని ఆళ్ళ నోటితోనే సెప్పించాల" అంది.

గవరయ్య కండువాతో మొహం తుడుచుకుని, "మూడొందల ఏబై, ఖాయం బాబూ" అన్నాడు. ఉలి రెండుసార్లు తగిలిందో లేదో గడియ కిందపడింది.

ఒక చెంప నున్నగా, ఒక చెంపమీద సబ్బు ఎండి తెల్లగా, భుజాన తువ్వాలుతో పెళ్ళికూతురి తండ్రి బయటికొచ్చారు. ఎవరి మొహమూ చూడలేదు. వీధిలో కారు హారను కొడుతోంది. టైము తొమ్మిదీ ముప్పావు.

"ఆ సగం గడ్డం గీసుకోండి, రెండు నిమిషాలు!" అన్నాను.

"ముందు గవరయ్య" అని చొక్కా వెతుక్కోవడానికి వెళ్ళారు. ఉన్న రెండు నిమిషాలూ గవరయ్యకే పోయాయి.

చర్చి చేరేసరికి పదీ పది. పాస్టరుగారు గడియారం చూసి, మా ఆయన మొహం చూసి, మళ్ళీ గడియారమే చూడటం మేలనుకున్నారు. హెప్సీ ఆయన చెయ్యి పట్టుకుని నున్నటి చెంప వైపున నడిచింది. గరుకు చెంప వైపు కూర్చున్నవాళ్ళు పాట మధ్యలో నవ్వాపుకోలేక దగ్గారు.

"ఈ వధువును అప్పగిస్తున్నది ఎవరు?" అని అడిగారు పాస్టరుగారు.

రెండు రోజుల ముందు రిహార్సల్లో మా ఆయన చెప్పాల్సిన జవాబు "నేను" అని ఒక్క మాట. ఆయన అది చెప్పలేదు. వెనక్కి తిరిగి, మొదటి బెంచీలో కూర్చున్న నా దగ్గరికి నడిచి వచ్చి, చెయ్యి పట్టి లేపి ముందుకు తీసుకెళ్ళారు.

"ఇద్దరం అయ్యగారూ" అన్నారు.

పాస్టరుగారు పుస్తకంలోకి చూశారు. పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు. "అలా రాసి లేదండీ జీవానందంగారూ" అన్నారు గుసగుసగా.

"అయితే రాసుకోండి" అన్నారు మా ఆయన.