ఒకే గుంత మట్టి

జానెడు లోతు తవ్వమంటే జానెడే తవ్వే మనిషి సుంకన్న. అంత నికార్సైనవాడు కాబట్టే నష్టపోయాడు.

తొంభై ఎనిమిదిలో, బెంగళూరు పక్కన జిగణిలో మాది పురుగుమందులు పరీక్షించే చిన్న ల్యాబు. నేను టైపిస్టును. మందు కొట్టిన టమాటా తోటలో ఇరవై చోట్ల తవ్వి, ఇరవై సంచుల్లో మట్టి తేవడం సుంకన్న పని. ఆ మట్టిలో మందు సగానికి తగ్గడానికి ఎన్ని రోజులు పడుతుందో లోపలివాళ్లు తేల్చేవాళ్లు. పదకొండేళ్లలో సుంకన్న ఒక్క గుంత ఎగ్గొట్టలేదు.

ఖర్మ ఏమిటంటే, ఇరవై సంచులకీ ఇరవై జవాబులొచ్చేవి. గట్టు పక్క మట్టిలో తొమ్మిది రోజులు, నీళ్లు నిలిచే మూల అరవై. నేలంటే అంతే కదా! మా మేనేజరు శశిధర్‌కి మాత్రం మందు డబ్బా మీద వేయడానికి ఒక్క అంకె కావాలి.

"తోట ఒకటే, మందు ఒకటే. నీ చెయ్యే సరిగా లేదు సుంకన్నా. ఈసారీ ఇట్లాగే వస్తే ఇంక పనిలోకి రావద్దు," అన్నాడు.

సుంకన్నకి ముగ్గురు పిల్లలు, ఈ జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. అన్నిటికీ ఒకే అంకె రావాలని ఈసారి ఒకే గుంత తవ్వాడు. ఆ మట్టిని టార్పాలిన్ పట్టా మీద పోసి, రాగిపిండిలా జల్లించి, పూటంతా కలిపి ఇరవై సంచులు నింపాడు. ఫలితాలొచ్చాయి. పదకొండు నుంచి నలభై ఏడు దాకా!

సంబరంగా మేనేజరు గదిలోకి పరుగెత్తాడు. "సార్, ఇరవై సంచుల్లోనూ ఒకే గుంత మట్టి ఉండాది! నేనే కలిపినా. అయినా జవాబులు ఒకటి కాలే. తప్పు నా చేతిలో లేదు సార్, లోపలి పరీక్షలోనే ఉండాది!"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. శశిధర్ మొహం మాడిపోయింది. "ఇరవై చోట్ల తవ్వాలని రూలు. ఒక్కచోటే తవ్వావా? ఇది మోసం," అన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

ఆ మధ్యాహ్నం నాచేత రెండు కాగితాలు టైపు చేయించాడు. మందుల కంపెనీకి రిపోర్టు: "ఇరవై నమూనాల సగటు ఇరవై ఆరు రోజులు. నమూనాలు నమ్మదగినవి." సుంకన్నకి ఉత్తరం: "మీరు తెచ్చిన నమూనాలు నమ్మదగినవి కావు. ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాం." రెండింటి మీదా సంతకం చేసి భోజనానికి వెళ్లాడు.

ఇంగ్లీషు రాని సుంకన్నకి రెండూ నేనే చదివి చెప్పాను. తల గోక్కున్నాడు.

"ప్రేమక్కా, నా మట్టి పనికొచ్చింది కదా. మరి నేనెందుకు పనికిరాను?"

నేను రెండు కాగితాలూ కవర్లలో పెట్టి అతికించాను.