పైసా అడగని పత్రిక

మా బావ చర్ల అవతల అడవిలో బడిపంతులు. సెలవొస్తే చాలు, రాకాసి గూళ్ల దగ్గర తేలేవాడు. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన పాతకాలపు సమాధులవి. వాటిని కొలవడానికి బూర్గంపాడులోని మా బట్టల కొట్టు టేపే పట్టుకుపోయాడు. ఒకసారి రెండో కొస పట్టుకోమని నన్నూ లాక్కుపోయాడు.

ఏళ్ల తరబడి కొలిచి చివరికి ఇంగ్లీషులో వ్యాసం రాశాడు. పురావస్తు పరిశోధన పత్రిక ఒకటుందని ఎవరో చెప్పారట.

"భద్రాచలం పోయి నెట్టుల జర చూసి రా బామ్మర్దీ, అది అసలుదో ఉత్తదో. నిన్ను మోసం చేసేటోడు ఇంకా పుట్టలే" అన్నాడు. ఉబ్బిపోయాను.

ఇంటర్నెట్ సెంటర్‌లో అన్నీ చూశాను. చిరునామా ఉంది. ఏడాదికి రెండు సంచికలు. రాసినవాళ్ల దగ్గర ఏమీ తీసుకోరట. వ్యాసాన్ని ఇద్దరు పండితులు చదువుతారట, వాళ్ల పేర్లు మాత్రం చెప్పరట. కొట్టులో పెరిగినవాణ్ని కదా, ధర చెబితే సగానికి అడుగుతాను. ధరే చెప్పనివాణ్ని చూస్తే నాకు వణుకు.

"వద్దు బావా. పైసా అడుగుతలేరు, పేర్లు చెప్తలేరు. నీ కష్టమంత గుంజుకొని వాళ్ల పేరేసుకుంటరు."

"గట్లంటవా?"

"నాకు తెల్వదా ఏంది?"

ఆయన నవ్వి, వ్యాసమున్న కవరు నా చేతిలోనే పెట్టాడు. "అయితే ఇంకో పత్రిక నువ్వే చూడు."

చీరల పెట్టెల వెనక పెట్టాను. తర్వాత రెండుసార్లు అడిగాడు. "చూస్తున్న బావా" అన్నాను. చూడలేదు. ఆ మరుసటి వానాకాలం జ్వరమొచ్చి బావ పోయాడు.

పెద్దకర్మ అయ్యాక అక్క అడిగింది. "మీ బావ కాయితాలేవి తమ్మీ?"

నాకు తెలిసింది ఆ పత్రిక ఒక్కటే. కవరు దులిపి దానికే పంపాను, బావ పేరుతోనే. కొన్ని నెలలకు జవాబొచ్చింది. కూడబలుక్కుంటూ చదివాను. వ్యాసం చాలా విలువైనదట, వేసుకుంటారట. పేరు చెప్పని ఆ ఇద్దరూ ఒక్క వాక్యం వదలకుండా చదివి మూడు పేజీల ప్రశ్నలు రాశారు. బావ బతికుండగా ఆ రాతలను అంత శ్రద్ధగా మాలో ఎవరం చదివాం? చాలా ప్రశ్నలకు జవాబులు ఆయన నోటుబుక్కుల్లో దొరికాయి. ఒక్కటి దొరకలేదు. మూడో గూడు పొడవు లోపలి నుంచి కొలిచారా, బయటి నుంచా? అది తేలితేనే అచ్చు.

మళ్లీ కొలుద్దామని టేపు తీసుకుని పోయాను. పోడు చేనులో ఉన్న ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"గా బండలా సేటూ? కంకర కొట్టిండ్రు. నువ్వొచ్చిన రోడ్డు కిందనే ఉన్నయ్."

మూడో గూడు కొలిచిన రోజు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. "ఏడ పట్టుకున్నవో యాదిపెట్టుకో" అని బావ అవతలి నుంచి అరిచాడు. "అవ్ అవ్" అన్నాను. అప్పుడు నా పక్కన తేనె సీసాతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. ఆమె ఎంత చెప్పిందో, నేను ఎంతకు దించానో ఇప్పటికీ చెప్పగలను. నా చెయ్యి బండకు లోపల ఉందో బయట ఉందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.