ఆయమ్మ ఒక్కపొద్దులు

మొఘల్‌పురాలో మా బడి ఆయమ్మ యాదమ్మ వారంలో మూడు రోజులు ఒక్కపొద్దు ఉంటుంది. నా డబ్బాలోంచి ఓ ముద్ద పెట్టబోయినా వద్దంటుంది. నీకు దేవుళ్లు మరీ ఎక్కువైపోయారని ఆటపట్టించేదాన్ని.

ఈ రోజు వరండా తుడిచి లేవబోతూ కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. కూర్చోబెట్టి నీళ్లు తాగించాను.

“కూసొని లేస్తే గిట్లనే అయితది మేడం. ఫికర్ చెయ్యకుండ్రి.”

“పొద్దున ఏమైనా తిన్నావా?”

“ఇయ్యాల ఒక్కపొద్దు.”

“బుధవారం కూడానా? ఏ దేవుడికి?”

ఆమె తల దించుకుంది. “ఇంట్ల పిల్లలకు బువ్వ సాలని రోజు ఒక్కపొద్దే మేడం. దేవుని పేరు చెప్తే ఎవ్వరు మళ్ల అడగరు.”

రెండేళ్లుగా నేనూ మళ్లీ అడగలేదు, నవ్వి ఊరుకున్నాను. మీకు తెలిసినవాళ్లలో ఒక్కపొద్దులు ఎక్కువగా ఉండే మనిషి ఉంటే, మీరైనా ఇంకోసారి అడగండి.