కట్టెల గుట్ట దగ్గర కరుప్పు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. తట్టాంచావడి ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసినవాణ్ణి. కొలతకు అందనిదేదీ నాకు లెక్కలోకి రాదు. ఇది చెప్పుకోవడం సిగ్గుచేటు, అయినా చెబుతాను.

డెబ్బైల చివర మాట. మురుంగపాక్కంలో మా పెరటిని ఆనుకుని వరి మడి. పాములు ఎక్కువ. మా కుక్క కరుప్పు ఏది కదిలినా మీద పడేది. పాము జోలికి పోకుండా దానికి నేనే నేర్పాను. ఇంటి ముందు ఇసుకలో, పాము కుబుసాన్ని తాడుకు కట్టి లాగేవాణ్ణి. కరుప్పు మూతి పెట్టిందా, సరుగుడు బెత్తంతో ఒక్కటి. నెల తిరిగేసరికి, వాసన తగిలితే చాలు, దూరంగా ముడుచుకుని కూర్చునేది. మొరిగేది కూడా కాదు. వీధంతా గొప్పలు చెప్పుకున్నాను.

ఒక ఆదివారం ఫ్యాక్టరీ స్నేహితులు కరుప్పు విద్య చూడ్డానికి వస్తామన్నారు. అవ్వతో సహా ఇంట్లోవాళ్ళంతా విల్లియనూరులో పెళ్ళికి వెళ్ళారు. ముందుగా ఒకసారి సరిచూసుకుందామని పెరట్లో బావి దగ్గర కుబుసం పెట్టాను. కరుప్పు అంతదూరం రానే లేదు. దారిలో కట్టెల గుట్ట దగ్గరే కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా కదలదు. నలుగురిలో నా పరువు తీస్తుందని ఒళ్ళు మండింది. బెత్తం అందుకున్నాను. మూడో దెబ్బకు లేచి, నా ముఖం చూస్తూ గుట్ట పక్కగా నడిచింది.

నాగుపాము అక్కడే ఉంది.

మధ్యాహ్నానికి కరుప్పు చచ్చిపోయింది. కుక్కే వెళ్ళి పాము మీద పడిందని అందరికీ చెప్పాను. స్నేహితులు కుక్కకు బుద్ధి లేదన్నారు. నేను అవునన్నాను.

ఏడు నెలల తర్వాత, పట్టపగలు, కట్టెల కోసం గుట్ట దగ్గరికి వెళ్ళాను. పెరటి గుమ్మంలో మా అవ్వ కూర్చుని ఉంది. రెండు కళ్ళకూ శుక్లాలు. ఎదురుగా నిలబడినా గొంతు వింటేనే గుర్తుపట్టేది.

"నిలువురా. ఆడ కరుప్పు కూర్చోని ఉండాది," అంది.

నాకేమీ కనపడలేదు.

"నిన్ను చూసి ముడుచుకుంటా ఉండాది. ఈడ ఏంటికిరా దాన్ని కొట్టినావు?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను చెయ్యి వెయ్యబోయిన కట్టె వెనక నాగు పడగ ఎత్తింది.

అవ్వ పోయేదాకా ఆ నిజం ఆమెకు చెప్పలేదు. ముసలి కళ్ళు, ఏదో భ్రమ అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. పెరట్లో కొట్టిన సంగతి ఆమెకెలా తెలుసో మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

అది కరుప్పే అయితే, నేను నేర్పినట్టే కూర్చుంది. మళ్ళీ కొడతానేమోనని భయపడుతూనే కూర్చుంది.