ఫోన్లో ఎండ బొమ్మ

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో ఫోన్లో లద్దాఖ్ వాతావరణం చూస్తున్నాను. తమ్ముడు అక్కడ కొండ రోడ్డు పనిలో ఉన్నాడు. రెండు రోజులుగా మంచు, వాడి ఫోన్ కలవడం లేదు. రేపటికి ఎండ బొమ్మ కనబడగానే "అమ్మయ్య" అన్నాను.

పక్క సీటు పెద్దాయన తొంగి చూశాడు. "ఎవలున్నరు బిడ్డా ఆడ?"

చెప్పాను. మిలిటరీలో ఉండగా తానూ అక్కడ చేశానన్నాడు. సంచిలోంచి ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల బాటిల్ తీసి సీటు మీద పెట్టాడు. అడుగు ఉబ్బి అది నిలబడలేదు.

"సూడు, గడ్డకడితే నీళ్లు ఉబ్బుతయి. బండల పగుళ్లల్ల గూడ గంతే. ఏండ్ల సంది గిట్లనే ఇరిగి ఇరిగి ఆడి కొండలు రాళ్లకుప్పలైనయి."

"గట్లయితే ఎండొస్తే మంచిదే గద బాపూ?"

ఆయన బాటిల్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గడ్డకట్టినంతసేపు మంచే రాళ్లను పట్టుకుంటది బిడ్డా. ఎండకు కరిగితే ఇడిసిపెడ్తది. పొద్దెక్కినంక కొండ కింద నిలవడొద్దని చెప్పు."

ఎడపల్లిలో దిగిపోయాడు.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ మాట చెబితే నవ్వాడు. నేను మాత్రం ఇప్పటికీ లేవగానే ఫోన్ చూస్తాను. మబ్బు బొమ్మ ఉంటేనే నాకు చాయ్ గొంతు దిగుతుంది.