లిఫ్టమ్మా, దుప్పట్ల పుస్తకమూ

అమ్మమ్మ ఏ పుస్తకం గురించీ ఏడంతస్తుల కంటే ఎక్కువ మాట్లాడదు. ముప్పై ఒక్క ఏళ్లు ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపిన మనిషి. ఎత్తుపీట, ఎదురుగా బొత్తాలు, ఒళ్లో పుస్తకం, ఇదీ ఆవిడ రాజ్యం. లిఫ్టెక్కినవాళ్లు ఊరికే నిలబడితే ఆవిడకి తోచదు. తలుపు మూసుకోగానే ఒళ్లో ఉన్న నవల కథ మొదలుపెట్టేది. వాళ్ల అంతస్తు రాగానే, కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే, టక్కున ఆపేసేది. "తర్వాతేమైంది?" అని అడిగితే "మీ అంతస్తు వచ్చింది, దిగండి. మిగతాది చదువుకోండి" అనేది. మూడో అంతస్తువాళ్లకి ముక్కలో సగమే దక్కేది. ఆ మిగతా సగం కోసం పని లేకపోయినా ఏడో అంతస్తుదాకా వెళ్లి వచ్చినవాళ్లున్నారట. ఇది అమ్మమ్మ చెప్పిన లెక్క, కాబట్టి సగానికి సగం తగ్గించి నమ్మితే మంచిది.

అందరూ ఆవిడని లిఫ్టమ్మ అనేవారు. ఆవిడ దిగిపోయాక భవనంవాళ్లు లిఫ్టుని దానంతటదే నడిచేలా మార్చేశారు. "నా బదులు ఇంకొకర్ని పెట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు" అంటుంది అమ్మమ్మ.

ఇప్పుడు ఆవిడ చేతిలో కాగితం పుస్తకం లేదు, ఈ-రీడర్ ఉంది. ఆవిడ దాన్ని పలక అంటుంది. అందులో అక్షరాలని ఎంత పెద్దవి చేసుకుందంటే, తెర మీద ఒకేసారి తొమ్మిది మాటలకి మించి పట్టవు. పక్కన కూర్చున్నవాళ్లు కూడా చదివేయొచ్చు. అలా చదివితే మాత్రం ఊరుకోదు.

ఊళ్లో లైబ్రరీకి ఈ-బుక్కులు చదివేవాళ్ల బృందం ఒకటుంది. నెలకోసారి, మొదటి శనివారం మధ్యాహ్నం, మేడ మీద గదిలో చేరి ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు చెబుతారు. దానికి పెద్ద ఒక రిటైరైన లెక్చరర్. అందరికీ మాస్టారు. బృందంలో సగం మంది ఆయన పాత శిష్యులే. మాస్టారి పద్ధతి ప్రకారం పుస్తకం గురించి చెప్పదలచుకున్నవాళ్లు నిండుగా ఒక పేజీ రాసుకురావాలి. రచయిత జీవితం, కథాసారం, శైలి, సందేశం, అన్నీ వరసగా. అమ్మమ్మ ఏమీ రాసుకురాదు. లేచి నిలబడి, "పదహారు శాతం దాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగినా లేవరు" అని, కథలో సగం చెప్పి కూర్చుంటుంది. ఆవిడ పేజీల లెక్క చెప్పదు. ఎందుకంటే మాస్టారి తెర మీద ముప్పయ్యో పేజీ ఆవిడ తెర మీద మూడు వందలు దాటిపోతుంది. శాతమైతే అందరికీ ఒకటే. ఈ సంగతి ముందు కనిపెట్టింది ఆరో తరగతి చదివిన అమ్మమ్మే. మాస్టారికి అదీ ఒక గుర్రు.

ఆ శనివారం లైబ్రేరియన్ ఒక జాబితా పట్టుకొచ్చింది. ఏడాదిలో కనీసం అయిదుగురు వేరువేరు పాఠకులు తీసుకోని ఈ-బుక్కులని నెలాఖరుకి తీసేస్తారట. జాబితాలో నాలుగో పేరు వినగానే అమ్మమ్మ లేచి నిలబడింది. అది ఒక ఆస్పత్రిలో నలభై ఏళ్లు దుప్పట్లు ఉతికిన మనిషి రాసుకున్న సొంత కథ. అమ్మమ్మ దానికి పెట్టిన పేరు దుప్పట్ల పుస్తకం. ఆవిడకి ప్రాణం.

"దాన్ని తీసేస్తారా? ఎంతమంది చదివారేం?"

"ఒక్కరేనమ్మా" అంది లైబ్రేరియన్.

"ఒక్కరా! నేను ఈ గదిలోనే పది మందికి చెప్పాను. ఒక్కరికీ తీసుకోవడానికి చేతులు రాలేదా?" అని గదంతా ఒక చూపు చూసింది.

లైబ్రేరియన్ కాస్త ఇబ్బందిగా నవ్వింది. "పది మందీ అడిగారు, దొరకలేదు. మనకున్నది ఒక్క ప్రతే. అది ఎనిమిది నెలలుగా మీ దగ్గరే ఉంది. గడువు అయిన ప్రతిసారీ మీరే పొడిగిస్తున్నారు. వాళ్లు రెండ్రోజులు చూసి వేరే పుస్తకానికి వెళ్లిపోయారు."

గది గొల్లుమంది. అమ్మమ్మ తన చేతిలోని పలక వైపు చూసుకుంది. పొద్దున్నే కాఫీ తాగుతూ అరవై ఒకటో శాతం దగ్గర తెరిచి నాలుగు తెరలు చదువుకోవడం ఆవిడకి అలవాటు. పలకలోకి వచ్చిన పుస్తకం అందరి దగ్గరా ఉంటుందనే అనుకుంది. తన చేతిలో ఉన్నంతసేపూ ఇంకొకరికి లేదని ఆవిడకి తట్టనే లేదు.

"పోతే పోనివ్వండి" అన్నారు మాస్టారు, కళ్లజోడు తుడుచుకుంటూ. "అదేమీ సాహిత్యం కాదు. చాకిరీ కబుర్లు."

"చాకిరీ చేసినవాళ్లకి కబుర్లుండకూడదా మాస్టారూ?" అమ్మమ్మ గొంతు ఏడో అంతస్తుకి చేరింది. "తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. మరి పుస్తకం ఏం తప్పు చేసిందని దాన్ని వెళ్లగొడతారు? ఇంకా నలుగురే కదా కావలసింది? నెలాఖరుకి ఇరవై అయిదు రోజులుంది. తెస్తాను, చూస్తూ ఉండండి."

అక్కడే, అందరి ముందూ, పలక తెరిచి పుస్తకం వాపసు ఇచ్చేసింది. మీట నొక్కేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుంది.

సోమవారం పొద్దున అమ్మమ్మ చెప్పులు తొడుక్కుంటుంటే అమ్మ అడ్డుపడింది. "మోకాళ్లు పట్టుకుని నిన్నంతా మూలిగావు. ఎక్కడికే అమ్మా?"

"ఆఫీసుకి."

"నీ ఉద్యోగం పోయి తొమ్మిదేళ్లయింది!"

"లిఫ్టెక్కడానికి ఉద్యోగం దేనికి?" అని వెళ్లిపోయింది.

భవనం దగ్గర వాచ్‌మన్ పాతవాడే. "ఏంటి లిఫ్టమ్మా, ఎవరి కోసం?" అన్నాడు. "నలుగురి కోసం" అని లోపలికెళ్లి బొత్తాల పక్కన నిలబడింది. పీట లేదు. గోడకి ఆనుకుంది. నాలుగో అంతస్తులో పనిచేసే టైపిస్టు ఎక్కింది, తలుపు మూసుకుంది.

"ఆస్పత్రిలో ఒకామె దుప్పట్లు ఉతుకుతుంది" అని మొదలుపెట్టింది అమ్మమ్మ, పలకరింపు కూడా లేకుండా. "మూడో వార్డు నుంచి రోజూ ఒక దుప్పటి వస్తుంది, ఒక మూల ముడి వేసి. విప్పుతుంది, ఉతుకుతుంది, పంపుతుంది. మర్నాడు మళ్లీ అదే మూల ముడి. అలా పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు దుప్పటి వచ్చింది, ముడి లేదు. ఈమె సబ్బు చేతులతోనే మెట్లెక్కి మూడో వార్డుకి పరిగెత్తింది. తలుపు తీసి చూస్తే..."

లిఫ్టు ఆగింది.

"చూస్తే?" అంది టైపిస్టు.

"నీ అంతస్తు వచ్చిందమ్మా. లైబ్రరీ కార్డుందా?"

టైపిస్టు ఆరు రోజుల్లో చదివేసి ఇచ్చేసింది. చదివిన మర్నాడు లిఫ్టులో అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నాలుగో అంతస్తు దాటిపోయినా దిగలేదు. రెండో మనిషి వాచ్‌మన్. "నేను పుస్తకం పట్టి ఇరవై ఏళ్లయింది లిఫ్టమ్మా" అని మొత్తుకున్నాడు కానీ, ముడి ఎవరు వేశారో తెలియకుండా వారం రోజులు ఉండలేకపోయాడు. ఫోన్‌లో వేలితో వరస పట్టుకుంటూ తొమ్మిది రోజులు తీసుకున్నాడు. ఆ తొమ్మిది రోజులూ అమ్మమ్మ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అతణ్ణి తొందరపెట్టమని అమ్మ అంటే, "నెమ్మదిగా చదివేవాణ్ణి తొందరపెడితే పాపం" అంది.

మూడో మనిషి ఆరో అంతస్తు వకీలు. పుస్తకం తీసుకున్నాడు, అంతే. రోజూ అమ్మమ్మ "ఎంత శాతం?" అనడం, ఆయన "రెండు" అనడం. ఏడో రోజు కూడా రెండే. నెలాఖరుకి రెండు రోజులుంది. అమ్మమ్మ ఆయనతోపాటు ఆరో అంతస్తులో దిగి, గదిదాకా వెంట నడిచింది.

"వకీలుగారూ, చదవండి, లేదా వదలండి. ఉతికే దుప్పటి మీద పడుకుంటే ఎలా?"

గుమాస్తా చూస్తుండగానే ఆయన ఫోన్ తీసి వాపసు ఇచ్చాడు. ముగ్గురయ్యారు. ఇంకొక్కరు కావాలి.

అమ్మమ్మ తిన్నగా లైబ్రరీకి వెళ్లింది. మాస్టారు కిటికీ పక్కన తన తెర మీదికి వంగి ఉన్నారు.

"మాస్టారూ, మీరు నా పుస్తకాన్ని సాహిత్యం కాదన్నారు. చదివే అన్నారా?"

"నమూనాగా చూపించే మొదటి రెండు పేజీలు చూశాను."

"రెండు పేజీలు చూసి తిట్టారా! మీ శిష్యులు అలా చేస్తే మార్కులేసేవారా? ముందు పూర్తిగా చదవండి. తర్వాత మీ నిండు పేజీ రాసుకొచ్చి, అందరి ముందూ కడుపు నిండా తిట్టండి. నేను కిక్కురుమనను."

"నేను తీసుకుంటే మీ లెక్క సరిపోతుంది. అందుకే కదా?"

"అందుకే" అంది అమ్మమ్మ. "తిట్టడానికి తీసుకున్నా పాఠకుడు పాఠకుడే. భయమైతే మానెయ్యండి."

లైబ్రేరియన్ బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు తల దాచుకుంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం ఆ మధ్యాహ్నమే తీసుకున్నారు.

తర్వాతి శనివారం గది కిటకిటలాడింది. పుస్తకం మిగిలిందని లైబ్రేరియన్ చెప్పింది. మాస్టారు లేచి తన పేజీ తీశారు. వాక్యాలు కుంటుతున్నాయన్నారు. కాలక్రమం లేదన్నారు. సబ్బు గురించి అవసరానికి మించి ఉందన్నారు. అమ్మమ్మ మాట ప్రకారం కిక్కురుమనలేదు, పళ్లు మాత్రం నూరింది. "ఇక అరవై ఒకటో శాతం దగ్గర, ఇరవయ్యో రోజున, ఆవిడ వార్డు తలుపు తీసినప్పుడు..." అని మాస్టారు ఆగిపోయారు. కాగితం మీద ఇంకా సగం పేజీ ఉంది. కళ్లజోడు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"తీస్తే ఏముంది మాస్టారూ?" అన్నాడు వెనక నుంచి ఒక శిష్యుడు.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చదువుకోండి" అని కూర్చున్నారు.

అమ్మమ్మ ఇంటికొచ్చి, కాఫీ పెట్టుకుని, పలక తెరిచి దుప్పట్ల పుస్తకం అడిగింది. తెర నిండా పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి. 'ఈ పుస్తకం వేరొకరి దగ్గర ఉంది. వరసలో మీరు తొమ్మిదో వారు.'

"ఇప్పుడేం చేస్తావ్? కాఫీ ఎలా దిగుతుంది?" అంది అమ్మ.

"నిలబడతాను. ముప్పై ఒక్క ఏళ్లు నా లిఫ్టు కోసం జనం నిలబడలేదా?" అంది అమ్మమ్మ. తర్వాత ఆ పలకని, ఆ అక్షరాలు వీధిలో పోయేవాళ్లకి కనబడేలా, కిటికీలో నిలబెట్టింది.