రోజు విడిచి రోజు

లాక్‌డౌన్ పెట్టగానే సూరత్‌లోని అమ్రోలిలో సాంచాల చప్పుడు ఆగిపోయింది. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. ఆ చప్పుడు లేక మా చిన్నాయన పెద్దకొడుక్కి నిద్ర పట్టేది కాదు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. అతనికి కొన్నేళ్లుగా రక్త క్యాన్సర్. చూసినవాళ్లెవరూ నమ్మేవారు కాదు. ఆస్పత్రిలో ఇచ్చే మాత్ర రోజుకొకటి వేసుకుని, కార్ఖానాలో అందరితో సమానంగా పని చేసేవాడు.

ఆ మాత్ర సంగతి అక్కడి డాక్టరమ్మ ఒకసారి నాకు ఓపికగా చెప్పింది. కైనేజ్ అనే ఎంజైములు అందరి కణాల్లోనూ ఉంటాయి. కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఊరుకోవాలో చెప్పే సంకేతాలను అందించేది అవే. గాయం మానాలన్నా, కొత్త రక్తం పుట్టాలన్నా అవి కావాలి. అన్న మూలుగలో రెండు జన్యువులు తెగి అతుక్కోవడంతో, ఆగడం తెలియని కైనేజ్ ఒకటి తయారైంది. తెల్లకణాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. మాత్ర వెళ్లి ఆ కైనేజ్ సందులో ఇరుక్కుని దాని పని ఆపిస్తుంది. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు కాబట్టి రోజూ వేసుకోవాల్సిందే.

ఆస్పత్రి కరోనా రోగులతో నిండిపోయింది. నా దగ్గర ప్రెస్ కార్డు ఉంది కనుక పోలీసులు ఆపరు. అన్న ఇంటికి వెళ్లి గడప బయటే నిలబడి అడిగాను.

"మాత్రలున్నయా అన్నా? లేకుంటె నేను పోయి తెస్త."

"మస్తున్నయ్ రా. నువ్వు గా దవాఖాన దిక్కు పోకు. పేపరోనివి, వార్తతోని పాటు కరోనా గూడ ఇంటింటికి పంచుతవ్."

లోపలి నుంచి వదిన అందుకుంది. "మస్తెట్లున్నయో అడుగు మీ అన్నను. దినం తప్పి దినం మింగుతుండు."

అన్న నవ్వాడు. "నూలు తక్కువున్నప్పుడు సాంచాలు గట్లనే నడుపుతం గద. గిదీ గంతే."

"సేఠ్ చెప్పిండా, ఒంటికి గూడ మందీ వచ్చిందని?" అంది వదిన. గిరాకీ పడిపోయి సాంచాలు తగ్గించాల్సి వస్తే కార్ఖానా యజమానులు అనే మాట మందీ.

అలా మానొద్దు, రోజూ వేసుకోమన్నాను. సరే అన్నాడు. కార్ఖానాలు తెరిచారు, మాత్రలు మళ్లీ దొరికాయి. ఒంట్లో బాగానే ఉంది కనుక అతను రోజు విడిచి రోజు లెక్క మార్చలేదు.

రెండో వేవ్ తగ్గుతుండగా ఎడమ డొక్కలో బరువు మొదలైంది. చెమటలకు చొక్కా తడిసిపోయేది. పరీక్షలు చేయించి, ఫలితాలొచ్చాక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. అన్న సంచిలోంచి మాత్రల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దాచుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి.

"సగం గిట్ల మిగిలినయ్ చూడమ్మా. ఇగ రోజూ ఏస్కుంట," అన్నాడు హిందీలో.

ఆమె కూడా హిందీలోనే నెమ్మదిగా చెప్పింది. మందు చాలని రోజుల్లో కొన్ని కణాలు బతికి, మారిపోయాయి. కైనేజ్ సందు ఆకారం మారింది. ఈ మాత్ర ఇక అందులో పట్టదు. వేరే మందు రాస్తాను, ఎంతకాలం ఆపుతుందో చెప్పలేను అంది.

ఆ మందు అన్నను దీపావళి దాకా నిలపలేకపోయింది.

కానీ ఆ రోజు ఆమె మాటలు ముగిశాక, సూరత్‌లో సగం జీవితం గడిపి హిందీ నాకంటే బాగా వచ్చిన మా అన్న, డబ్బాకు మూత పెట్టి నావైపు తిరిగాడు.

"ఏమంటుంది రా తమ్మీ?" అన్నాడు.